క్రొత్త యేటి తొలిపుట

సంవత్సరారంభమున సంకల్పము చేయని మనుష్యుడు అరుదు. చేసిన సంకల్పమును రెండవ మాసము దాక నిలుపుకొనినవాడు అంతకంటె నరుదు. ఇందుకు మనము సాధారణముగా మనోబలము చాలకపోవుటయే హేతువని సరిపెట్టుకొని, వచ్చు నేట మఱింత పట్టుదలతో మఱియొక సంకల్పము చేసికొనుచుందుము. కాని మనసులో చేసికొనిన సంకల్పమునకు పత్రము లేదు, సాక్షి లేడు, గడువు లేదు. అట్టి యొడంబడిక మీద సూరతు బజారులో ఏ వర్తకుడును ఒక తాను గుడ్డయైనను అరువీయడు. అరువిచ్చుటలోను రాబట్టుకొనుటలోను ఆరితేరిన ఆ వర్తకులు తమ క్రొత్త సంవత్సరము నెట్లు ఆరంభింతురో పరిశీలించినచో, మన సంకల్పములు ఏల దివాలా తీయుచున్నవో కొంత బోధపడును.

దీపావళి అమావాస్య నాడు అచ్చటి దుకాణములలో చోపడా పూజనము జరుగును. శారదా పూజనమనియు దీనికి పేరు. ముహూర్తమునకు ముందే పాత పుస్తకమున జమాఖర్చులు సరిచూచి, నిలువ తేల్చి, రావలసిన బాకీలను ఈయవలసిన బాకీలను వేఱువేఱుగ ఏర్పఱచుకొనిన వర్తకుడు, ఇంటివారితోను గుమాస్తాలతోను గూడి కూర్చుండి, ఎఱ్ఱబట్ట యట్టవేసిన క్రొత్త లెక్కపుస్తకమును లక్ష్మీ గణపతి సరస్వతుల యెదుట నుంచి, తొలిపుటపై కుంకుమతో స్వస్తికము దిద్ది, ఒక వంక శుభమనియు నొక వంక లాభమనియు లిఖించి, పై పంక్తిలో ఒక శ్రీకారమును, దాని క్రింద రెండింటిని, దాని క్రింద మూడింటిని, ఇట్లు ఏడు పంక్తుల దాక పెంచుకొనుచు పోయి అక్షరములతోనే ఒక గోపురమును నిలుపును. జైన వర్తకులైనచో గౌతమస్వామి లబ్ధిని, శాలిభద్రుని ఋద్ధిని, బాహుబలి బలమును, అభయకుమారుని బుద్ధిని, కయవన్నా సేఠు సౌభాగ్యమును తమకు కలుగవలెనని కోరి ఆ పుటలో వ్రాసికొందురు. ధనముతో బాటు బుద్ధిని గూడ లెక్కపుస్తకమున అడిగి పుచ్చుకొనుట నాకు మిక్కిలి నచ్చిన విషయము. మనలో బుద్ధి తమకు సమృద్ధిగానే యున్నదని తలచువారే హెచ్చగుటచే దాని నెవ్వరు నడుగరు. ప్రభుత్వపు లెక్కల సంవత్సరము ఏప్రిల్ 1 వ తేదీన ఆరంభమగుచున్నను, లెక్కలన్నియు కంప్యూటరులోనికి ప్రవేశించినను ఈ యాచారము సమసిపోలేదు. కొన్ని దుకాణములలో ఆ యంత్రమునకే బొట్టుపెట్టి పుస్తకము ప్రక్కన కూర్చుండబెట్టుచున్నారు.

మఱునాడు కార్తిక శుద్ధ పాడ్యమి. మన పంచాంగమున అది బలి పాడ్యమి. గుజరాతీలకు అది బెస్తు వరస్, విక్రమ సంవత్సరపు తొలిదినము. తెల్లవాఱకముందే పిల్లలు రాళ్లయుప్పును సబరస్ అని కేకవేయుచు వీధివీధిని అమ్ముదురు; దాని నింటిలోనికి కొనుట శుభమని యెంచుదురు. పిమ్మట స్నానము చేసి క్రొత్తబట్టలు కట్టి, పెద్దల పాదములకు మ్రొక్కి, ఎదురుపడిన ప్రతివానిని సాల్ ముబారక్ అని పలుకరింతురు. లాభపంచమి నాడు దుకాణము తెఱచి వ్యాపారము మొదలుపెట్టుదురు. ఆ దినములలోను, ఆపై కొన్ని వారముల దాకను, ఒకే వీధివారో, ఒకే వృత్తివారో, ఒకే యూరినుండి వచ్చినవారో కలిసి కూర్చుండి అల్పాహారము సేవించి మాటలాడుకొను సమావేశములు జరుగుచుండును. వానిని స్నేహమిలనము లందురు. మొదట వ్రాత, పిమ్మట మిత్రదర్శనము. నేనీ యధ్యాయమున చెప్పదలచిన దంతయు ఈ వరుసలోనే యున్నది.

ఇక సూరతులోని మనవారి సంగతి. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ సీమల పల్లెలలో చేమగ్గము కూడు పెట్టలేకపోవుటచే, పద్మశాలి కుటుంబములు అనేకము తరతరములుగా ఈ నగరమునకు వలసవచ్చి, లింబాయతు, ఉధనా వాడలలో కాపురములు పెట్టి, మరమగ్గములపై జీవనము సాగించుచున్నవి. మరమగ్గమును వారు సిరిసిల్లలో వలెనే సాంచె యందురు. నగరపాలక సంస్థ వారి ప్రాథమిక పాఠశాలలలో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా భాషలతో బాటు తెలుగు మాధ్యమమును గలదు. అనగా తపతీ తీరమున తెలుగు అక్షరములు దిద్దుకొనిన పిల్లలు వేలకొలది యున్నారు. వీరికి సంవత్సరాదులు రెండు. ఊరంతయు ఆచరించు కార్తిక పాడ్యమి యొకటి. తమ యింట జరుపుకొను చైత్ర పాడ్యమి, ఉగాది, మఱియొకటి. ఒకటి విక్రమ శకపు లెక్క, మఱియొకటి శాలివాహన శకపు లెక్క. ఆ రెంటికిని నడుమ 135 ఏండ్ల యంతరము.

ఉగాది నాడు మనము చేయునదేమి? పచ్చడి తిని పంచాంగ శ్రవణమునకు పోవుదుము. సిద్ధాంతిగారు ఒక్కొక్క రాశికి ఆదాయమెంతో, వ్యయమెంతో, రాజపూజ్యమెంతో, అవమానమెంతో చదివి వినిపింతురు. ఆదాయము రెండు, వ్యయము పదునాలుగు అని తన రాశికి వినబడినవాడు దీర్ఘముగా నిట్టూర్చును, పదునాలుగు ఆదాయమనిన ప్రక్కవాడు మీసము సవరించుకొనును. చిత్రమేమన, ఇదియు లెక్కయే! అచ్చటనేమో వర్తకుడు తన జమాఖర్చులను తాను వ్రాయును. ఇచ్చట మనవాడు తన జమాఖర్చులను ఇతరుడు చదువగా వినును. పంచాంగ శ్రవణమును మానుడని నా యభిప్రాయము గాదు; నలుగురు నొకచోట చేరి, రానున్న యేటిని గూర్చి ఒక్క చెవితో వినుట మేలైన యాచారమే. కాని వినికిడికి వ్రాత తోడైనగాని అది సంవత్సరము పొడుగున పనికిరాదు. రెండు పండుగలును చేతికందిన సూరతు తెలుగువానికి ఈ రెంటిని జతపఱచుకొను నవకాశము, విజయవాడలో నున్నవానికంటె, హైదరాబాదులో నున్నవానికంటె ఎక్కువ.

వ్రాతకును స్నేహమునకును గల సంబంధము క్రొత్తగా నేను కల్పించినది గాదు. చెన్నపట్టణపు సుప్రీము కోర్టులో ఇంటర్‌ప్రిటరు పదవి నిర్వహించిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18 న కాశీయాత్రకు బయలుదేరి 1831 సెప్టెంబరు 3 న తిరిగి యిల్లు చేరు దాక, తాను చూచినదంతయు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ల యను మిత్రునికి ఎప్పటికప్పుడు వ్రాసి పంపుచుండిరి. ఆ మిత్రుడే వానిని కూర్చి 1838 లో కాశీయాత్ర చరిత్రముగా వెలువరించెను. చదువు మిత్రు డొకడు ఎదురుచూచుచుండకపోయినచో, ఎండలో వానలో సాగిన పదునైదు మాసముల ప్రయాణమున అంత ఓపికతో ఎవరు వ్రాయగలరు?

సూరతు చరిత్రలోనే ఇందుకు మఱి రెండు నిదర్శనములు గలవు. దుర్గారామ మెహతాజీ యను పాఠశాలోపాధ్యాయుడు 1844 జూన్ 22 న, దాదోబా పాండురంగ మొదలగు మిత్రులతో గూడి, మానవధర్మ సభను స్థాపించెను. వారు వారమువారము కూడి కులభేదములను గూర్చియు మూఢవిశ్వాసములను గూర్చియు చర్చించిరి. మంత్రశక్తి గలదని చెప్పుకొనువారిని బహిరంగముగా పరీక్షకు పిలిచిరి. ఆ సభ పట్టుమని పదియేండ్లయినను నిలువలేదు. అయినను దాని వృత్తాంతము నేడు మనకు తెలియుచున్నదన, దుర్గారాముడు సభలో జరిగినదానిని దినచర్యగా వ్రాసియుంచుటచేతను, ఆ వ్రాత ఆధారముగా మహీపత్‌రామ్ రూప్‌రామ్ అతని జీవితచరిత్రను రచించుటచేతను మాత్రమే. వ్రాయని సభలు ఆ కాలమున ఎన్ని జరిగెనో, వాని కథ ఎవ్వరికిని తెలియదు.

రెండవవాడు నర్మదుడు. 1833 లో సూరతులో జన్మించి, మన వీరేశలింగము పంతులుగారి వలె వితంతు వివాహములకై పోరాడి, 1869 లో తానే ఒక వితంతువును పరిణయమాడిన యీ కవి, 1858 నవంబరు 23 న ఉపాధ్యాయ పదవికి రాజీనామా యిచ్చి, ఇకమీదట కలమునే నమ్ముకొని బ్రతికెదనని సంకల్పించెను. అది ఎన్నాళ్లు నిలిచెనని యడుగుదురా? అప్పులు చుట్టుముట్టినను, 1882 లో విధిలేక మరల ఉద్యోగములో చేరుదాక, ఇరువది నాలుగేండ్లు నిలిచెను. అట్టి దీర్ఘాయువుగల సంకల్పము వెనుక ఎట్టి మనస్సున్నదో తెలియగోరువారు అతని స్వీయచరిత్రయగు మారీ హకీకత్‌ను చూడవలెను. దానిని 1866 లో వ్రాసి, కొద్ది ప్రతులు మాత్రమే అచ్చొత్తించి ఆప్తమిత్రుల చేతిలో పెట్టెను. లోకమునకు అది 1933 లో, అతని శతజయంతి నాటికి గాని అందలేదు. తన తప్పొప్పులను దాచక వ్రాయుట, వ్రాసినదానిని లోకమునకు గాక గుప్పెడుమంది మిత్రులకు చూపుట: నర్మదుడు చేసిన యీ రెండు పనులనే మనమును మన కొలతకు తగినట్లు చేయవచ్చును.

ఎట్లు చేయవలెను? మొదట ఒక కుట్టు నోటుపుస్తకము కొనుడు. విడికాగితములు వలదు, విడికాగితముపై వ్రాసిన సంకల్పము పిండివంటల నూనె పీల్చుటకు పోవును. అమావాస్యకును పాడ్యమికిని నడుమ, తిథుల హెచ్చుతగ్గుల వలన, కొన్ని యేండ్లలో ఏ సంవత్సరమునకును చెందనట్లు ఒక దినము మిగిలిపోవును. గుజరాతీలు దానిని ధోకో యందురు. ఆ యేడు ధోకో వచ్చినదా, వ్రాతకు అంతకంటె మంచి దినము లేదు: పాత యేడు ముగిసినది, క్రొత్త యేడు మొదలుకాలేదు, సాంచెలు ఆగియున్నవి, ఎవరును పని చెప్పరు. రాకపోయినచో పాడ్యమి నాటి వేకువ చాలును.

తొలిపుటలో క్రొత్త సంకల్పము వ్రాయరాదు. ఇది యీ యధ్యాయములో నేను పట్టుబట్టి చెప్పు నియమము. తొలిపుట పాత యేటి నిలువకు చెందినది. నిలువుగీత యొకటి గీచి, ఎడమ ప్రక్క జమ, కుడి ప్రక్క ఖర్చు అని వ్రాయుడు. జమలో రూపాయలు మాత్రమే వ్రాసి ఊరకొనరాదు: జ్వరముతో పడియున్నపుడు మీ సాంచెను తాను చూచుకొనిన ప్రక్కవాడు, పిల్లవాని బడి దరఖాస్తును గుజరాతీలో నింపిపెట్టిన పొరుగింటి బెన్, ఊరినుండి వచ్చిన తమ్మునికి పని చూపిన వాడు, వీరందఱును జమయే. ఖర్చులో, మీరు మాట యిచ్చి చెల్లింపని బాకీలు వ్రాయుడు: అమ్మకు వ్రాసెదనని వ్రాయని జాబు, తీసికొని తిరిగి యీయని పుస్తకము, మానెదనని మానని గుట్కా. ఇవి వ్రాయునపుడు కలము నడువదు. నడువనిచోటనే మీకు పనికివచ్చు విషయమున్నదని గ్రహించి, తొందరపడక, అవసరమైనచో ఒక కప్పు టీ త్రాగి వచ్చి మరల కూర్చుండుడు. నిలువ తేలినపిమ్మట చాలమందికి ఒక ఆశ్చర్యము కలుగును. తాము అనుకొనినంత దరిద్రులు గాము, అనుకొనినంత ఋణవిముక్తులమును గామని తెలియును.

పుట త్రిప్పి, అప్పుడు సంకల్పము వ్రాయుడు. ఒకటి, మించినచో రెండు. లింబాయతులో సాంచెలపై పనిచేయు ఒక యువకుని ఊహించుకొందము. అతనికి కూలి మీటరులెక్కన వచ్చును. పండ్రెండు గంటల షిఫ్టులో ఎన్ని మీటర్లు దిగినదో అంతయే కూలి. బాగుగా నేసితినని చెప్పిన మాత్రమున సేఠు ఒక్క పైసా యీయడు. అట్టివాడు నోటుపుస్తకమున ‘ఈ యేడు గుజరాతీ బాగుగా నేర్చుకొందును’ అని వ్రాసికొనుట ఎంత వింత! తన సంకల్పమును గూడ అతడు గుడ్డవలెనే కొలవవలెను: ప్రతి ఆదివారము రెండవ తరగతి వాచకములో ఒక పాఠము, ఉగాదినాటికి బస్సు బోర్డులను, మందుల చీటీని, జీతపు చీటీని ఒకరి నడుగక చదువుట. ఇట్లు వ్రాసిన సంకల్పము జరిగినదో లేదో మూడవవాడు గూడ చెప్పగలడు. మూడవవాడు చెప్పలేని సంకల్పమును కొట్టివేసి మరల వ్రాయుడు.

వ్రాత రానివారో? వారి పని మఱింత సులువు, మఱింత రమ్యము. తెలుగు బడికి పోవు పిల్లను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, తాము చెప్పుచుండగా వ్రాయించుకొనవలెను. తండ్రి తన బాకీలను నోటితో చెప్పుచుండగా వ్రాసిన పిల్లకు ఆ యొక్క గంటలో అబ్బు నీతి నీతిచంద్రికలు పది చదివినను అబ్బదు. కాని కొన్ని బాకీలు పిల్లల చేత వ్రాయింపదగినవి గావు. వానికి సమవయస్కుడైన మిత్రుడు కావలెను.

ఇక వ్రాసినదానిని మిత్రుల నడుమ చదువుకొను గోష్ఠి. ఇందు సంఖ్యయే ప్రధానము. ఐదుగురికి తగ్గరాదు, ఏడుగురికి మించరాదు. ఎనిమిదవవాడు వచ్చినచో ఒకడు అధ్యక్షుడగును, అధ్యక్షుడున్నచో ఉపన్యాసము పుట్టును. సూరతులో సంవత్సరాంతమున జరిగిన మిక్కిలి ప్రసిద్ధమైన సమావేశమును ఒకమాఱు తలచుకొనుడు: 1907 డిసెంబరులో దేశపు నలుమూలలనుండి పెద్దలెందఱో తపతీ తీరమున కాంగ్రెసు మహాసభకు చేరిరి. రాసవిహారీ ఘోషుగారిని అధ్యక్షునిగా నెన్నుకొను సందర్భమున తిలకుగారు మాటలాడ లేచుటయు, గలభా రేగుటయు, ఒక చెప్పు గాలిలో నెగిరి వచ్చి వేదికపై నున్న సురేంద్రనాథ బెనర్జీగారికిని ఫిరోజ్‌షా మెహతాగారికిని తగులుటయు, కుర్చీలు లేచుటయు, మితవాదులు అతివాదులు విడిపోవుటయు జరిగినది. దేశభక్తులే యట్లు చేయగా మన బంధుమిత్రుల నేమనగలము? అధ్యక్షపీఠము లేనిచోట దానికై పోట్లాట యుండదు గనుక, గోష్ఠిలో అందఱును చాపపైనే కూర్చుండవలెను.

పూటను నిర్ణయించునపుడు షిఫ్టులను చూడవలెను. మిత్రులలో సగము పగటి షిఫ్టు, సగము రాత్రి షిఫ్టు అయినచో, సాంచెలు నడుచు దినములలో వారిని కలుపుట బ్రహ్మతరము గాదు. కావున దీపావళి సెలవులలో లాభపంచమికి లోపలనే కలిసికొనవలెను. ఇల్లు ఇరుకని సంకోచింపవలదు. ఏడుగురు కూర్చుండుటకు ఒక గది చాలును. గది లేకున్న మేడపైకప్పు చాలును. ఫలహారము చివర పెట్టుడు, మొదట పెట్టినచో చదువు సాగదు. చలి ముదిరిన పిమ్మట మరల కలిసినచో, సూరతువారు ప్రాణము పెట్టు పోంకు దొరకును. లేతజొన్న కంకులను కాల్చి రాల్చిన యా గింజలు మన పల్లెల ఊచబియ్యమే గనుక, ఊరు విడిచి వచ్చినవానికి అంతకంటె తగిన విందు లేదు.

ఒక్కొక్కరును తమ రెండవపుటను మాత్రమే చదువవలెను. తొలిపుటలోని బాకీలు చదువువాని యిష్టము. డబ్బు బాకీలు మాత్రము చదువనే రాదు, ఏలయన అప్పిచ్చినవాడు ఆ చాపపైనే యుండవచ్చును. చదివినపిమ్మట వినువారు సలహా యీయరాదు. ఒక్కొక్కరు ఒక్క ప్రశ్న యడుగవచ్చును: ఏ దినమున? ఎంత సేపు? ఎవరితో? ఈ ప్రశ్నలకు సమాధానము దొరకని సంకల్పమును అచ్చటనే దిద్దుకొని, వినిన మిత్రుడొకడు ప్రక్కన సంతకము చేయవలెను. అది చట్టమున చెల్లు సంతకము గాదు. అయినను, మార్గశిరములో ఒకనాడు ఆ మిత్రుడు బజారులో ఎదురుపడి, పాఠము ఎంతవఱకు వచ్చినదిరా అని యడుగునని తెలిసినవాడు ఆదివారమునాడు పుస్తకము తీయకుండ నుండలేడు.

స్త్రీలను గూర్చి ఒక మాట. సూరతులో అనేకుల యిండ్లలో ఆడవారు చీరలకు రాళ్లంటించుట, దారపు పోగులు కత్తిరించుట వంటి పనులు ఇంటనే కూర్చుండి, ముక్కకింత యని చేయుచున్నారు. వారి సంపాదన ఇంటి ఖర్చులో కలిసిపోవునే గాని ఎచ్చటను జమకట్టబడదు. కావున నోటుపుస్తకము ఇంటికొకటి గాక మనిషికొకటి యుండవలెను. ఆమె గోష్ఠి ఆమె స్నేహితురాండ్రతో, మధ్యాహ్నపు తీరికలో, వేఱుగా జరుగవలెను. ఆ పుస్తకమును భర్త తెఱచి చూడరాదు. ఈ నియమమును పాటింపలేని పురుషుడు తన పుస్తకమునకు గూడ గౌరవమీయలేడని నా నిశ్చితాభిప్రాయము.

కార్తిక పాడ్యమి నుండి చైత్ర పాడ్యమికి ఐదు మాసములు. గుజరాతీ వర్తకుడు మరల దీపావళి దాక నాగవలెను. మనకు నడుమ ఉగాది యున్నది. ఆనాడు పంచాంగ శ్రవణము ముగించుకొని అదే మిత్రులు అదే పుస్తకములతో మరల కూర్చుండి, సిద్ధాంతిగారు చెప్పిన ఆదాయవ్యయముల ప్రక్కన తాము వ్రాసికొనిన ఆదాయవ్యయములను పోల్చిచూచుకొనవలెను. జరిగిన సంకల్పమునకు టిక్కు పెట్టుడు. జరుగనిదానిని కొట్టివేయక, దాని ప్రక్కన కారణము వ్రాసి, తగ్గించి, మరల మొదలిడుడు. పచ్చడిలో వేపపువ్వు చేదని ఎవరును పారవేయరు గదా!

ఈ దీపావళికి ఇంక ఎన్ని నాళ్లున్నవో పంచాంగమున చూడుడు. నోటుపుస్తకము ఈ వారమే కొనుడు. దాని యట్ట లోపలి వైపున ఐదుగురి పేర్లు వ్రాసి, వారిలో రాత్రి షిఫ్టు ఎవరిదో కనుగొని, లాభపంచమికి లోపల ఒక పూటను నిర్ణయించి, ఆ పూట కూర్చుండు చోటు ఎవరి యిల్లో వారి యింటి యిల్లాలిని ముందుగా అడుగుడు.